మూడు గ్రహాల చాబీలక్క

మొన్న ల్యాబులో రక్తం సీసాలకు పేర్లు అంటిస్తుంటే ఫోను మోగింది. ఎవరో పాఠకురాలు, ఖమ్మం నుంచి. నా నవల చదివిందట. మూడు గ్రహాలు, వాటి మధ్య తిరిగే ఓడలు, వాటి కీచులాటలు అన్నీ బాగున్నాయని చెప్పి, చివరికి అసలు సంగతికి వచ్చింది.

"అందులో తాళంచెవుల ముసలమ్మ ఉంది చూశారూ, ఆమె నిజంగా ఉందా, మీరు కల్పించిందేనా?"

"గ్రహాలు నేను కల్పించినవేనండి. ఆమెను కల్పించేంత తెలివి నాకు లేదు" అన్నాను.

ఆమె నవ్వి ఫోను పెట్టేసింది. నాకు మాత్రం ఆ పూట పని సాగలేదు. ఒకరి షుగరు ఇంకొకరికి రాసేస్తానేమోనని భయపడి, టీ తాగొస్తానని చెప్పి బయట మెట్ల మీద కూర్చున్నాను. మెట్ల మీద కూర్చుంటే ఆ ముసలమ్మ గుర్తుకు రాకుండా ఉండదు.

ఆమెకు పేరుండేది. చర్చి రిజిస్టరులో ఎక్కడో రాసి ఉంటుంది. కాని బీదర్‌లో మా వీధిలో ఆ పేరు పెట్టి పిలిచినవాళ్లను నేను చూడలేదు. చాబీ అంటే మా దిక్కు తాళంచెవి. మా అమ్మ ఆమెను చాబీలక్క అనేది, నేనూ చాబీలక్క అనేదాన్ని, పాస్టరుగారూ అంతే. నడుముకు కట్టిన తాడుకు పదిహేడు చాబీలు వేలాడేవి. అందులో ఆరింటికి తాళాలు ఎప్పుడో పోయాయి. మరి ఎందుకు మోస్తున్నావని అడిగితే, "తాళం పోయిందని చాబీని ఇడిసిపెడ్తరా, అదేం పాపం చేసింది" అనేది.

మా చర్చి కట్టడం ఒక్కటే, సంఘాలు మూడు. ఆదివారం ఏడున్నరకు కన్నడవాళ్ల ఆరాధన, తొమ్మిదిన్నరకు మా తెలుగువాళ్లది, పదకొండున్నరకు కమలనగర్ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ మరాఠీ కుటుంబాలది. ముగ్గురికీ కలిపి ఒక గంట, ఒక మైకు, కింద పరుచుకోవడానికి పదహారు జంపఖానాలు. పొరుగువాణ్ణి ప్రేమించమని ముగ్గురి పుస్తకాల్లోనూ ఉంది. మైకు సంగతి మాత్రం ఎందులోనూ రాయలేదు. అందుకని ఆ సంగతి చాబీలక్క చూసుకునేది.

ఆమె నడిపిన పద్ధతి ఒకటుంది. వెళ్లిపోయే సంఘం హాలు ఊడ్చి, రాబోయే సంఘానికి జంపఖానాలు పరిచి పోవాలి. ఎవరికోసం వాళ్లు పరుచుకోకూడదు. కన్నడవాళ్లు మాకు, మేము మరాఠీవాళ్లకు. మరాఠీవాళ్లు అందరికంటే ఆఖరు గనుక అన్నీ చుట్టిపెట్టి పోయి, శనివారం సాయంత్రం మళ్లీ పనిగట్టుకుని వచ్చి కన్నడవాళ్లకు పరవాలి. అది ఎవరు పెట్టిన నియమమో ఎవరికీ తెలియదు. తప్పినవాళ్లకు మాత్రం ఆమె నోరు తెలిసేది.

ఆమె ఏ ఆరాధనలోనూ లోపల కూర్చోలేదు. పక్క గుమ్మం మెట్ల మీద సాసరులో టీ ఊదుకుంటూ మూడు ప్రసంగాలూ వినేది. నువ్వు ఏ సంఘమక్కా అంటే "మెట్ల సంఘం" అనేది. మూడు సంఘాలూ ఒకరి మీద ఒకరు ఆమెకు చాడీలు చెప్పేవి. అన్నీ విని, ఒకే మాట అనేది. "దిల్లులు కలవకున్నా ఏం గాదు బిడ్డా. టైములు కలవాలె."

ఫోను మాట్లాడటం ఆమెకు ఇష్టం లేదు. మిస్డ్ కాల్ ఇచ్చేది. ఒకసారి మోగి ఆగితే లెమ్మని. రెండుసార్లయితే టీ అయిందని. మూడుసార్లు మోగిందంటే ఎక్కడో లొల్లి మొదలైంది, చెప్పులు వేసుకుని పరుగెత్తాల్సిందే.

నా రాతకు మొదటి శ్రోత ఆమే. నేను చదివింది కన్నడ బడిలో. తెలుగు అక్షరాలు అమ్మ దగ్గర, ఆదివారపు బడిలో బైబిలు చదివి నేర్చుకున్నాను. అందువల్ల నా మొదటి కథలో రాకెట్టు "ఆకాశమునకు ఎక్కిపోయెను". చాబీలక్క ఆ వాక్యం విని చేతులు జోడించి "ఆమెన్" అంది. రాకెట్టు మళ్లీ ఎప్పుడూ అలా ఎక్కలేదు.

తర్వాత నవల మొదలుపెట్టాను. ఒకే సూర్యుడి చుట్టూ మూడు పొరుగు గ్రహాలు. పేర్లు మా నేల నుంచే తీసుకున్నాను. జేగురు గ్రహంలో ఇనుము ఉంది, గాలి లేదు. రేగడి గ్రహంలో పంట ఉంది, నీళ్లు చాలవు. చవుడు గ్రహంలో ఉప్పు, మంచు కొండలు ఉన్నాయి, ఓడలు నడపడానికి ఇంధనం లేదు. ముగ్గురికీ ఒకరంటే ఒకరికి పడదు, అయినా ఒక కూటమి. ఆ కూటమి కోసం నలభై రెండు షరతుల ఒప్పందం రాశాను. తెలుగు ఆరాధన ముగిశాక మెట్ల మీద ఆమెకు అది మొత్తం చదివి వినిపించాను. నాకు గొంతు పోయింది.

"కాయితం మస్తుగున్నది. చీపురేది?" అంది.

"చీపురేందక్కా? వాళ్లు అంతరిక్షంల ఉంటరు."

"ఉండనీ. మూడు ఊర్లోళ్లు కలిసే జాగ ఒకటి ఉంటది గద. దాన్ని ఎవరు ఊడుస్తరు?"

ఆమె సాసరు కింద పెట్టి ఇంకా అడిగింది. "మూడు దిక్కుల పొద్దు ఒక్కటేసారి పొడుస్తదా? లేకుంటె ఐతారం ఎవరి లెక్కన?" మళ్లీ ఇంకోటి. "జేగురోళ్లకు పిల్లనెవరు ఇస్తరు? గాలి లేని ఊరికి పిల్లనిస్తరానె ఎవరన్న?"

నాకు కోపం వచ్చింది, నిజం చెప్తున్నాను. యుద్ధనౌకల గురించి అడగకుండా పెళ్లి సంబంధాలు అడుగుతుందేమిటని ఒక వారం ఆ మెట్ల వైపు పోలేదు. ఆ వారంలోనే మూడు గ్రహాలకూ ఉమ్మడి వారం లెక్క కట్టాను, కలిసే చోటుకు ఒక వసారా కట్టాను, ఒక పెళ్లి కూడా చేశాను. నవల బతికిందంటే అక్కడ కొంచెం బతికింది.

పూర్తిగా బతకలేదని హైదరాబాదులో ప్రచురణకర్త చెప్పాడు. ఆయన మర్యాదస్తుడు. "గ్రహాలు బాగున్నాయమ్మా, కాని ఇంతగా తిట్టుకునేవాళ్లు రెండో అధ్యాయంలోనే విడిపోవాలి కదా. ఎందుకు కలిసున్నారు?"

"తోకచుక్క వచ్చి గుద్దుతుందని భయం సార్."

"తోకచుక్క వెళ్లిపోయాక?"

దానికి జవాబు దొరికితే పుస్తకం వేస్తానన్నాడు, దొరకకపోతే వేయలేనన్నాడు. ఐదేళ్ల పని. ల్యాబులో నిలబడి చేసిన ఉద్యోగం అయిపోయాక కూర్చుని రాసిన ఐదేళ్లు. అది మొత్తం ఒక్క "ఎందుకు" దగ్గర ఇరుక్కుపోయింది.

సరిగ్గా అప్పుడే చాబీలక్క జనవాడలో చెల్లెలింటికి పోయి, వాకిట్లో జారి కాలు విరగ్గొట్టుకుంది. చూడటానికి పోతే మంచం మీద నుంచే తాడు విప్పి పదిహేడు చాబీలూ నా ఒళ్లో పెట్టింది.

"తెరువు, ఊడ్పియ్యి, మూయి. ఏం మార్చకు బిడ్డా" అంది.

మార్చాను. మార్చకుండా ఎలా ఉంటాను, చదువుకున్నదాన్ని కదా. ప్రతివారం ఫిర్యాదులే. మేము వంకరగా పరిచామని మరాఠీవాళ్లు, కన్నడవాళ్లు మాకు చిరిగినవి పైన వేశారని మావాళ్లు. ఇదంతా ఎందుకు, ఎవరిది వాళ్లు పరుచుకుంటే సరిపోతుంది కదా అన్నాను. పదహారు జంపఖానాలనూ మూడు భాగాలు చేశాను. మూడు సంఘాల పెద్దలూ నన్ను మెచ్చుకున్నారు. కన్నడ సంఘం పెద్ద రిటైరైన హైస్కూలు మాస్టరు, బడిలో నాకు కన్నడం చెప్పిన సారే. నన్ను ఎన్నడూ మెచ్చుకోని మనిషి, ఆ రోజు వీపు తట్టాడు. మూడు వారాలు నా కాళ్లు నేల మీద లేవు.

నాలుగో వారం కన్నడవాళ్ల జంపఖానాల మూలలకు రంగుతో గుర్తు పడింది. ఐదో వారం మావాళ్లు గుర్తు వేశారు. మరాఠీవాళ్ల వంతుకు చిరిగినవి వచ్చాయని అప్పుడు బయటపడింది. ఎవరి ఆరాధనకు వాళ్లు హాలు ఊడ్చుకోవడం మొదలుపెట్టాక వసారా ఎవరిదీ కాకుండా పోయింది. ఆకులు, దుమ్ము, పావురాల రెట్ట. పాటల పుస్తకాల అల్మారాలు మూడింటికీ మూడు కొత్త తాళాలు పడ్డాయి. మైకు కన్నడ అల్మారాలోకి పోయింది, దాని వైరు మా అల్మారాలో ఉండిపోయింది. క్రిస్మస్‌కు మూడు భాషల్లో కలిసి పాడే కార్యక్రమం ఈసారి వద్దన్నారు. చివరికి మరాఠీ కుటుంబాలు మేము ఇళ్లలోనే కూడుకుంటామని కబురు పంపాయి.

ఆ కబురు విన్నాక నేను బాత్రూములోకి పోయి ఏడ్చాను. అరవై ఏళ్లుగా తిట్టుకుంటూ కలిసున్నవాళ్లను తొమ్మిది వారాల్లో మర్యాదగా విడగొట్టినదాన్ని నేను.

చాబీలక్క నాలుగు కాళ్ల ఊతకర్ర పట్టుకుని వచ్చింది. నేను తిట్లకు సిద్ధపడి నిలబడ్డాను. ఆమె తిట్టలేదు. వసారాలో పావురాల రెట్ట చూసింది, జంపఖానాల మూలలు తిప్పి చూసింది, అల్మారాల ముందు నిలబడి మూడు తాళాలూ ఒక్కొక్కటి పట్టి లాగింది.

"తాళాలు మంచిగున్నయి. ఉండనీయుండ్రి" అంది.

అంతే. జంపఖానాలన్నీ మళ్లీ ఒకే కుప్ప వేయించింది. తర్వాత మూడు సంఘాల పెద్దలనూ పిలిచి, వానలకు తాళాలు తుప్పు పడతాయి, నూనె రాసిస్తాను, చాబీలు ఇయ్యమంది. చాబీలు అడిగితే ఆమెకు లేవన్నవాళ్లు మా వీధిలో పుట్టలేదు. ఇచ్చారు.

మరుసటి ఆదివారం తిరిగి ఇచ్చింది. కన్నడవాళ్ల చాబీ తెలుగువాళ్లకు, తెలుగువాళ్లది మరాఠీవాళ్లకు, మరాఠీవాళ్లది కన్నడవాళ్లకు. పెద్దవయసు, మతి తప్పిందనుకున్నారు. కన్నడ సార్ మెట్ల దగ్గరికి వచ్చి గట్టిగానే అడిగాడు. ఆయనకు తెలుగు బాగా వచ్చు, కాని మాతో ఎప్పుడూ కన్నడమే మాట్లాడతాడు. నా చాబీ ఎక్కడ అన్నది ఆ ప్రశ్న.

ఆమె సాసరు మీంచి తల ఎత్తలేదు. "తెలుగోళ్ల తాన ఉన్నది. అడుగు."

ఇవ్వకపోతే అని ఆయన అడిగాడు.

"ఇయ్యక యాడికి పోతరు? ఆళ్లది మరాఠోళ్ల తానుంది. మరాఠోళ్లది నీ జేబుల ఉన్నది. పోయి అందర్ని అడుక్కోండ్రి. నాకు మతి ఉండే ఇచ్చిన."

సార్ జేబులో చెయ్యి పెట్టుకుని అలాగే నిలబడిపోయాడు. నేను పక్కనే ఉన్నాను. తోకచుక్క వెళ్లిపోయాక ఎందుకు కలిసున్నారు అన్నదానికి జవాబు ఆ మెట్ల మీద టీ ఊదుకుంటోంది.

ఆమె నన్నూ వదల్లేదు. తెలుగువాళ్ల దగ్గర ఉండాల్సిన కన్నడ చాబీని తెచ్చి నా చేతిలోనే పెట్టింది. "లొల్లి తెచ్చినదానివి నువ్వు. ఐతారం ఐతారం ఏడింటికి వచ్చి ఆళ్ల అల్మారా నువ్వే తెరువు." సెలవు రోజు తొమ్మిదికి ముందు లేవని మనిషిని నేను. అది ఆమెకు తెలుసు. అందుకే ప్రతి ఆదివారం ఆరున్నరకు నా ఫోను ఒకసారి మోగి ఆగిపోయేది.

రెండో వారానికి మరాఠీ కుటుంబాలు తిరిగి వచ్చాయి. రాకపోతే మా పాటల పుస్తకాలు బయటికి రావు, వాళ్లవీ రావు మరి. క్రిస్మస్‌కు మూడు భాషల పాటలూ పాడారు, మైకు ఎవరు ముందు పట్టుకోవాలని గొడవ కూడా పడ్డారు. ఆ గొడవ వింటుంటే నాకు పండుగలా ఉంది.

నవలలో నలభై రెండు షరతులూ కొట్టేశాను. జేగురు గ్రహపు గాలి గోదాము చాబీ రేగడివాళ్ల దగ్గర. రేగడి నీటి తూముల చాబీ చవుడువాళ్ల దగ్గర. చవుడు ఇంధనపు గోదాము చాబీ జేగురువాళ్ల దగ్గర. వాటిని అలా మార్చి పెట్టింది ఒక ముసలమ్మ. ప్రచురణకర్త మూడు రోజుల్లో చదివి ఫోను చేశాడు. గొంతులో ఉత్సాహం తెలుస్తోంది. ఒక్కటే అనుమానమన్నాడు. ఆ ముసలమ్మ ఉన్నంతకాలం సరే, ఆమె పోతే?

ఆ ప్రశ్న తీసుకుని మెట్ల దగ్గరికి పోయాను. ఆమె ముందు అడగడానికి సిగ్గేసింది, అయినా అడిగాను. నవలలో ముసలమ్మను చంపకుండా వదిలేద్దామా అక్కా అన్నాను.

"సంపు" అంది వెంటనే. "నేనుంటేనే నడుస్తదంటే అది పద్ధతి కాదు బిడ్డా, నా మొండితనం. నన్ను సంపినంక ఏమైతదో గది రాయి."

రాశాను. ఆఖరి అధ్యాయంలో ముసలమ్మ పోతుంది. మరునాడు మూడు గ్రహాలవాళ్లూ క్షణం తప్పకుండా వచ్చి ఒకరి తాళాలు ఒకరు తెరుస్తారు. నాలుగు ఆదివారాలు కూర్చోబెట్టి మొత్తం చదివి వినిపించాను. అంతా విని ఆమె అన్న మాట ఒక్కటే. "అందరు టైముకు వచ్చిన్రా? మంచోళ్లే దొరికిన్రు నీకు." మెచ్చుకుందనుకున్నాను. సంతోషంగా అచ్చుకు పంపాను.

పుస్తకం అచ్చుకు ఎక్కకముందే, ఒక గురువారం మధ్యాహ్నం, అన్నం తిని పడుకున్న చాబీలక్క లేవలేదు. శుక్రవారం సమాధి చేశాం. మూడు భాషల్లో ప్రార్థన జరిగింది. పదిహేడు చాబీల తాడు ఎవరికివ్వాలో తెలియక పాస్టరుగారు బల్లమీద పెట్టారు. నాకు దుఃఖం కంటే భయం ఎక్కువైంది, దాచి లాభం లేదు. ఇప్పుడు శనివారం మరాఠీవాళ్లు వస్తారా? కన్నడవాళ్లు మాకు పరుస్తారా? రాకపోతే నా ఆఖరి అధ్యాయం అబద్ధం. అంతకంటే, ఆమె బతుకంతా చేసింది ఉత్త మొండితనం. రెండు రోజులూ అందరినీ మనసులో అనుమానిస్తూనే ఉన్నాను.

ఆదివారం మెలకువ వచ్చి చూస్తే ఏడు యాభై.

ఫోను మోగలేదు. మోగదని నాకు తట్టనే లేదు. అందరినీ అనుమానించినదాన్ని, కన్నడ చాబీ నా దగ్గరే ఉందన్న సంగతి మరచిపోయి పడుకున్నాను. తల దువ్వుకోకుండా, చున్నీ ఎటుందో చూసుకోకుండా పరుగెత్తాను.

హాలు తలుపులు తెరిచి ఉన్నాయి, బల్లమీది చాబీలతో పాస్టరుగారు తెరిచినట్టున్నారు. జంపఖానాలు గీత గీసినట్టు పరిచి ఉన్నాయి, అంటే మరాఠీవాళ్లు నిన్న వచ్చి పోయారు. కన్నడ సంఘమంతా వాటి మీద కూర్చుని ఉంది. చేతుల్లో పుస్తకాలు లేవు, మైకు లేదు, పాట లేదు. అల్మారా ముందు కుర్చీ వేసుకుని సార్ కూర్చున్నాడు. ఆయన కాలి పక్కనే తలుపుకు అడ్డం పెట్టే బండరాయి ఉంది. ఆ తాళం ఒక్క దెబ్బకు ఊడుతుంది.

నేను రొప్పుతూ నిలబడి కన్నడంలో క్షమించమన్నాను. అక్క మిస్డ్ కాల్ ఇచ్చేది సార్, దానితోనే లేచేదాన్ని అన్నాను. అని ఏడుపు ఆపుకోలేకపోయాను. ఇంతసేపు కూర్చునే బదులు తాళం పగలగొట్టొచ్చు కదా అన్నాను.

ఆయన తెలుగులో జవాబిచ్చాడు. నా చిన్నప్పటినుంచీ నాతో తెలుగు మాట్లాడటం అదే మొదలు.

"పగలగొడితె వచ్చే వారం నువ్వెందుకొస్తవ్?" అన్నాడు. తర్వాత గడియారం చూసుకుని మళ్లీ మాస్టరైపోయాడు. "తడ ఆయ్తు. తెరువు."

ఆలస్యమైంది తెరువు అని. తెరిచాను. చాబీ రెండుసార్లు జారింది. పుస్తకాలు చేతులు మారాయి, మైకు గరగరమంది, పాట మొదలైంది. నేను పక్క మెట్ల మీద ఆమె కూర్చునే చోట కూర్చుని పాట అయ్యేదాకా విన్నాను. గెలిచావక్కా అని పైకే అన్నాను. ఆరాధన ముగిశాక వాళ్లు మాకు ఊడ్చి పరిచారు. మరాఠీవాళ్లు ముందే వచ్చి మా అల్మారా తెరిచారు. పదకొండున్నరకు ముందు నేనూ చీపురు పట్టుకున్నాను.

సోమవారం ప్రచురణకర్తకు ఫోను చేశాను. అచ్చు ఆపమన్నాను. ఆఖరి అధ్యాయం మారుస్తానన్నాను.

"ఏం మారుస్తారు?"

"రేగడివాళ్లను ఆలస్యంగా పంపిస్తానండి. చాబీ టైముకు రాదు."

"ఎంత ఆలస్యం?"

"జేగురులో పిల్లలకు ఊపిరి బరువయ్యేంత."

"మరి వాళ్లు తాళం పగలగొట్టరా?"

"పగలగొట్టరు. కూర్చుని ఎదురుచూస్తారు."

"పాఠకులు నమ్ముతారా అమ్మా?"

"నమ్ముతారు సార్. నేను చూశాను."

నమ్మారు. రెండో ముద్రణ వస్తోంది. ఖమ్మం పాఠకురాలు కూడా ఆ ఘట్టం దగ్గరే పుస్తకం మూసి కాసేపు అటూ ఇటూ తిరిగానని చెప్పింది.

ఆమెకు ఫోనులో చెప్పని సంగతి ఒకటుంది. ఆ తర్వాతి ఆదివారం నేను అలారం పెట్టుకునే పడుకున్నాను. అది మోగడానికి ఇంకా వేళ ఉంది, సరిగ్గా ఆరున్నరకు ఫోను ఒకసారి మోగి ఆగిపోయింది. లేచి చూశాను. కన్నడ సార్ నంబరు. తిరిగి చేయలేదు, అది మా పద్ధతి కాదు. ముఖం కడుక్కుని చాబీ తీసుకుని బయలుదేరాను.